ఐఎఫ్‌పీ, ట్యాబ్‌లు ఉన్నా పాఠం ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే మేడమ్ అడిగారు: "పదో తరగతి గదిలో 65 అంగుళాల ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఉంది. స్కూల్లో 40 ట్యాబ్‌లు ఉన్నాయి. తరగతిలో 48 మంది. నెట్ ఒక రోజు వస్తే రెండు రోజులు రాదు. వీడియో పెడితే అందరూ బుద్ధిగా చూస్తారు, మర్నాడు అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ఏం మార్చాలి?"

మేడమ్, ముందుగా మార్చాల్సింది వీడియోకు ముందున్న కొద్ది నిమిషాలు. పిల్లవాడు తన ఊహ ఏమిటో బయటపెట్టకముందే ప్యానెల్ జవాబు చెప్పేస్తే, "ఓహో, ఇదా, నాకు తెలుసు" అనుకుని ఊరుకుంటాడు. తాను అనుకున్నది వేరు, జరిగింది వేరు అని వాడికి తెలిసే అవకాశమే రాదు. బుద్ధిగా చూడటానికీ నేర్చుకోవడానికీ మధ్య తేడా అక్కడే పుడుతుంది. కాబట్టి ముందు ఊహ, తర్వాత ప్యానెల్, ఆ తర్వాత చేత్తో ప్రయోగం. ఈ వరస తప్పనివ్వకండి.

మీ విద్యుత్తు పాఠాన్నే తీసుకుందాం. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లలో (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) డీసీ సర్క్యూట్ కిట్ ఉంది, ఉచితం. ఒకసారి హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దింపుకుంటే నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తుంది. 45 నిమిషాల పీరియడ్‌ని ఇలా పంచండి.

మొదటి 5 నిమిషాలు ప్యానెల్ ఆఫ్‌లోనే ఉండాలి. హాజరు, నిన్నటి పాఠం మీద రెండు ప్రశ్నలు. తర్వాత 7 నిమిషాలు గ్రీన్ బోర్డు మీద ఒక సెల్, ఒక బల్బు ఉన్న వలయం గీసి, "ఇంకో బల్బుని శ్రేణిలో, అంటే దాని వెనకే ఒకే దారిలో కలిపితే మొదటి బల్బు వెలుగు ఏమవుతుంది? పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా?" అని అడగండి. చేతులెత్తించకండి. ముందు బెంచీ ముగ్గుర్ని చూసి మిగతా వాళ్లూ ఎత్తేస్తారు. ప్రతి పిల్లవాడి దగ్గరా ఎ, బి, సి, డి అని రాసిన నాలుగు అట్టముక్కలు ఉండాలి. మీరు మూడు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి చూపించాలి.

సరైన జవాబు చూపినవాళ్లు 30 శాతం లోపు ఉంటే ఇంకా చర్చకు సిద్ధంగా లేరని అర్థం, మళ్లీ చెప్పాలి. 30 నుంచి 70 మధ్య ఉంటే పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని చెప్పి మళ్లీ ఓటు వేయించండి. 70 దాటితే ముందుకు వెళ్లండి. ఈ పద్ధతిని హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ భౌతికశాస్త్ర తరగతుల్లో మొదలుపెట్టారు. మన తరగతిలోనూ ఇది పనిచేయడానికి ఒకటే షరతు: మొదటి ఓటు తర్వాత మీ ముఖంలో జవాబు కనిపించకూడదు.

తర్వాతి 8 నిమిషాలు సిమ్యులేషన్. ప్యానెల్ దగ్గర ఒక విద్యార్థిని ఉండాలి, మీరు చివరి బెంచీ వెనక నిలబడాలి. అక్కణ్నుంచి చూస్తేనే ఎవరు చూస్తున్నారో, ఎవరికి అక్షరాలు కనపడటం లేదో తెలుస్తుంది. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఆ సిమ్యులేషన్‌లో మొదట కనిపించేవి నీలం రంగు ఎలక్ట్రాన్లు, అవి ఒక దిశలో కదులుతాయి. పుస్తకంలో బాణాలేమో సంప్రదాయ విద్యుత్ దిశలో, అంటే దానికి ఎదురుగా ఉంటాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు పుస్తకం తప్పనైనా అనుకుంటారు, ప్యానెల్ తప్పనైనా అనుకుంటారు. ఎలక్ట్రాన్లు, సంప్రదాయ దిశ అనే రెండు ఎంపికలూ పక్కనే ఉంటాయి. రెండూ మార్చి చూపించి, "రెండూ ఒకే సంగతిని చెబుతున్నాయి, ఎలా?" అని అడగండి. ఆ ప్రశ్నకు రెండు నిమిషాలు ఇచ్చినా వృథా కాదు.

తర్వాత 10 నిమిషాలు అసలు సెల్‌లు, అసలు బల్బులు. 48 మందికి ఆరుగురేసి 8 జట్లు. జట్టుకి 2 సెల్‌లు, సెల్ హోల్డరు, 3 టార్చి బల్బులు హోల్డర్లతో, 6 క్రొకడైల్ క్లిప్ తీగలు, ఒక స్విచ్చు. సిమ్యులేషన్ చూశాం కదా, ప్రయోగం ఎందుకు అని మానేయకండి. సిమ్యులేషన్‌లో అన్నీ ఆదర్శంగా ఉంటాయి, బల్ల మీద ఉండవు, అసలు చదువు ఆ తేడాలోనే ఉంది. ఉదాహరణకి సమాంతరంగా, అంటే సెల్‌కి వేరే దారిలో, రెండో బల్బు కలిపితే సిమ్యులేషన్‌లో మొదటి బల్బు వెలుగు మారదు. బల్ల మీద మాత్రం కాస్త తగ్గుతుంది, పాత సెల్‌లైతే బాగా తగ్గుతుంది. కారణం సెల్ అంతర్నిరోధం: ఎక్కువ ప్రవాహం లాగితే సెల్ లోపలే కొంత వోల్టేజి పోతుంది. సిమ్యులేషన్‌లోనూ బ్యాటరీ నిరోధాన్ని పెంచే జారుడు మీట ఉంది. ప్రయోగం అయ్యాక దాన్ని కొద్దిగా పెంచి, "ఇప్పుడు మన బల్లలాగే ఉందా?" అని చూపిస్తే పదో తరగతి పిల్లలకు అంతర్నిరోధం మాటల్లో కాక కళ్లకు కనిపిస్తుంది.

ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. రెండున్నర వోల్టుల బల్బులు రెండింటిని శ్రేణిలో పెట్టి ఒకే సెల్ వాడతారు, రెండూ వెలగవు. "కరెంటు రావడం లేదు" అని రాసేసుకుంటారు. కరెంటు పోతూనే ఉంటుంది, తీగ వెలిగేంత వేడెక్కదు, అంతే. శ్రేణి ప్రయోగానికి రెండు సెల్‌లు తప్పనిసరి. అమ్మీటరు ఉంటే రెండు బల్బులకు ముందూ, మధ్యా, తర్వాతా పెట్టి ఒకే రీడింగు వస్తోందని చూపండి. "మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది, రెండోదానికి తక్కువ మిగులుతుంది" అనే భ్రమ చాలామంది పిల్లల్లో ఉంటుంది. వీడియోలతో అది పోదు, ఆ మూడు రీడింగులతో పోతుంది.

మిగిలిన 15 నిమిషాల్లో 10 నోటుబుక్కుకి: వలయం పటం, ఒక లెక్క. చివరి 5 నిమిషాలు పావు కాగితం మీద ఒకే ఒక ప్రశ్నకు జవాబు. స్టాఫ్ రూమ్‌లో ఆ 48 చీటీలను మూడు కుప్పలుగా వేయడానికి అయిదు నిమిషాలు చాలు: వచ్చినవాళ్లు, దారి సరిగానే ఉన్నా లెక్క తప్పినవాళ్లు, అసలు అర్థం కానివాళ్లు. మర్నాటి మొదటి 5 నిమిషాల్లో ఏం అడగాలో మూడో కుప్ప చెబుతుంది.

మీ ఫోన్‌కి నెట్ ఉంటే అట్టముక్కల బదులు ప్లికర్స్ కార్డులు వాడుకోవచ్చు. పిల్లల దగ్గర అచ్చేసిన కార్డులు, మీ చేతిలో ఒక్క ఫోన్. కెమెరా తిప్పితే ఎవరు ఏ జవాబిచ్చారో నమోదవుతుంది. కార్డులకు మెరిసే లామినేషన్ చేయించకండి, వెలుతురు పడి కెమెరాకి గీతలు కనిపించవు. పట్టుకునేటప్పుడు వేళ్లు నల్లని బొమ్మ మీద పడినా చదవదు.

ఇక ప్యానెల్ సంగతి. చాలా స్కూళ్లలో "పిల్లలు వినడం లేదు" అన్న మాట వెనక "చివరి బెంచీకి కనిపించడం లేదు" అన్న నిజం దాగి ఉంటుంది. 65 అంగుళాల ప్యానెల్ ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు. చివరి బెంచీ 7 మీటర్ల దూరంలో ఉందనుకోండి. హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు దూరంలో రెండు వందల వంతు ఉండాలి, అంటే మూడున్నర సెంటీమీటర్లు. ఇంగ్లీషుకి ఇచ్చినంత వరుస ఎడం తెలుగుకి సరిపోదు. పైన గుడులు, కింద ఒత్తులు, "క్ష్మ" లాంటి చోట ఒత్తు కింద ఒత్తు. అందుకని స్లైడులో 8 పంక్తులు దాటకూడదు, అక్షరం 36 నుంచి 40 పాయింట్లు ఉండాలి. గౌతమి లాంటి సన్నని ఫాంట్ దూరానికి చెదిరిపోతుంది. నోటో శాన్స్ తెలుగు లేదా మండలి వాడండి. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ పేజీని నిండుగా చూపడం మాత్రం అసలు వద్దు. ఒక పేరా, ఒక పటం పెద్దది చేసి చూపండి.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ప్రశ్నపత్రాలు, నోట్సు దాదాపు ప్రతి స్కూల్లోనూ ఉంటాయి. వాటిని వర్డ్ ఫైలుగా ప్యానెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ప్యానెల్ చెడిపోలేదు, ఆ ఫాంట్ అందులో లేదు, ఆ ఫైలు యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతి) కాదు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే తెరిచి ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా భద్రపరచండి, లేదా యూనికోడ్‌కి మార్చండి. మార్చాక ఒత్తులూ, అంకెలూ ఒకసారి కళ్లతో సరిచూడాలి, అక్కడే తప్పులు దొర్లుతాయి. కొత్తగా టైపు చేసేవన్నీ యూనికోడ్‌లోనే చేయండి. వెతకడానికీ, ట్యాబ్‌లో తెరవడానికీ అదే పనికొస్తుంది.

"టచ్ దానంతటదే పనిచేస్తోంది, గీతలు వాటంతటవే పడుతున్నాయి" అనేది దాదాపు అందరి ఫిర్యాదు. ఎక్కువ ఐఎఫ్‌పీలలో టచ్ అనేది ఫ్రేము అంచుల్లోని పరారుణ కిరణాల వల్ల పనిచేస్తుంది. కిరణానికి ఏది అడ్డొచ్చినా అది వేలే అనుకుంటుంది: సుద్దపొడి, సాలెగూడు, చీర కొంగు, చొక్కా చెయ్యి. కిటికీలోంచి నేరుగా ఎండ పడినా గందరగోళపడుతుంది. ప్యానెల్ ఆఫ్ చేసి, మెత్తని పెయింట్ బ్రష్షుతో నాలుగు అంచుల లోపలివైపు తుడవండి, తర్వాత పొడి మైక్రోఫైబర్ గుడ్డ. నీళ్లు ప్యానెల్ మీద చల్లకూడదు. మళ్లీ ఆన్ చేసేటప్పుడు ఫ్రేముకి ఏదీ తగలకుండా చూడండి. పక్కనే గ్రీన్ బోర్డు ఉంటే తడిగుడ్డతో తుడిపించండి, పొడి డస్టరుతో దులిపితే పొడి అంతా ఆ అంచుల్లోకే చేరుతుంది.

లాప్‌టాప్ కలిపినప్పుడు బొమ్మ వచ్చి టచ్ రాకపోతే హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటే పెట్టారని అర్థం. టచ్ సంకేతం వేరే యూఎస్‌బీ తీగలో వెళ్తుంది, రెండూ పెట్టాలి. ఆ యూఎస్‌బీ తీగ 5 మీటర్లు మించితే టచ్ వస్తూ పోతూ ఉంటుంది.

కరెంటు విషయంలో అశ్రద్ధ చేస్తే ఖరీదైన పరికరం పోతుంది. 65 అంగుళాల ప్యానెల్, లోపలి కంప్యూటరుతో కలిపి 250 వాట్ల దాకా తీసుకోవచ్చు. చిన్న యూపీఎస్ పని క్లాసు నడపడం కాదు, సరిగా షట్‌డౌన్ చేసే పది నిమిషాలు ఇవ్వడం. క్లాసు నడవాలంటే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు కావాలి, బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే మూడు నాలుగు గంటలు వస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటరు పెట్టించి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూపించుకోండి. 3 వోల్టులు దాటుతుంటే ఎర్తింగు బాగుచేయించాలి. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయించే పని ఎవరిదో హెచ్ఎం గారు పేరు పెట్టి అప్పగించాలి.

నెట్ గురించి. 480పీ వీడియో సెకనుకి సుమారు ఒక మెగాబిట్ తింటుంది. 40 ట్యాబ్‌లు ఒకేసారి తెరిస్తే 40 మెగాబిట్లు కావాలి. పల్లెటూరి స్కూలు కనెక్షన్ మీద అది ఆగి ఆగి వస్తుంది, టీచరు ఫోన్ హాట్‌స్పాట్ మీదైతే పది పరికరాలు దాటగానే మొరాయిస్తుంది. దీనికి మందు ఎక్కువ నెట్ కాదు, ముందుగా దింపుకోవడం. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ తెరిచే ప్రభుత్వ యాప్ దీక్షలో పాఠాలు దింపుకునే వీలుంది. ఆదివారం ఇంట్లో వై-ఫై మీద ఆ వారానికి కావాల్సినవి దింపి పెన్‌డ్రైవ్‌లో పాఠం పేరుతో ఫోల్డర్లు పెట్టుకోండి. తరగతిలో వెతుకులాట మొదలైతే 48 మందిలో 40 మంది మనసు బయటికి వెళ్లిపోతుంది.

కొంచెం ఓపిక ఉంటే కోలిబ్రి పెట్టుకోండి. ఇది నెట్ లేని బడుల కోసమే చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. 4 జీబీ రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు) లేదా మూలపడ్డ పాత లాప్‌టాప్ మీద వేసి, ఒక రౌటరుకి కలిపితే ట్యాబ్‌లన్నీ దాంట్లోంచే పాఠాలు తెరుస్తాయి. మీ సొంత వీడియోలు, పీడీఎఫ్‌లు, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు, అభ్యాసాలు అందులో చేర్చుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరు కావాలి. మామూలు ఫోన్ ఛార్జరు పెడితే మధ్యలో ఆగిపోతుంటుంది. కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, అందుకని చిన్న యూపీఎస్ పెట్టి, కార్డు నకలు ఒకటి బీరువాలో ఉంచండి. ఇంట్లో వాడే మామూలు రౌటరు మీద ఒకేసారి 15, 20 ట్యాబ్‌లకు మించి వీడియో ఆడించకండి. సగం మంది వీడియో, సగం మంది అభ్యాసం చేస్తే అదే రౌటరు సరిపోతుంది.

ట్యాబ్‌ని ఎక్కడ వాడాలి? వీడియో చూడటానికి ప్యానెల్ ఉండగా ట్యాబ్ అక్కర్లేదు. ట్యాబ్ అసలు బలం, ఒక్కో పిల్లవాడికి వాడి స్థాయిలో లెక్క ఇవ్వడం. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. బడి తర్వాత కేంద్రాల్లో పిల్లల స్థాయికి తగ్గట్టు ప్రశ్నలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ వాడించారు. నాలుగున్నర నెలల్లో గణితంలో, హిందీలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అక్కడి పిల్లల్లో చాలామంది చదువుతున్న తరగతికి ఎంతో వెనకబడి ఉన్నారు, అందుకే వాళ్ల స్థాయి నుంచి మొదలుపెట్టడం కలిసొచ్చింది. ఒక్క సంగతి మరవకూడదు: 90 నిమిషాల్లో సగం సమయం చిన్న జట్లకు మనిషి చెప్పిన పాఠమే. పెరూలో పిల్లలకి లాప్‌టాప్‌లు పంచి వదిలేసిన పథకం మీద 2012లో వచ్చిన మూల్యాంకనంలో గణితం, భాషలో ఫలితం ఏమీ కనపడలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చిన తర్వాత స్కూలు స్థాయిలో ఏ పని మిగిలిందో తెలుస్తుంది. ఆ పని టైమ్‌టేబుల్‌లో చోటు చూపడం.

వారానికి రెండు గణితం పీరియడ్లలో 25 నిమిషాల చొప్పున అభ్యాసం పెట్టించండి. లెక్కలకు ఒకరికి ఒక ట్యాబ్, సైన్సుకి ఇద్దరికి ఒకటి. ఇద్దరుంటే మాట్లాడుకుంటారు, సైన్సుకి ఆ మాటలే కావాలి. 48 మందికి 40 ట్యాబ్‌లే కాబట్టి మిగిలిన 8 మందిని ఆ రోజు మీ పక్కన కూర్చోబెట్టుకోండి, మూడో కుప్పలోని పిల్లలే వాళ్లు కావాలి. గుడ్డిగా నొక్కుకుంటూ పోవడం పెద్ద రోగం. ప్రశ్న వచ్చిన అయిదు సెకన్లలో జవాబు పడుతుంటే అది ఊహ. నోటుబుక్కులో మెట్లు రాశాకే ట్యాబ్ ముట్టుకోవాలని నియమం పెట్టండి, ప్రతి ప్రశ్న నంబరూ నోటుబుక్కులో ఉండాలి. డ్యాష్‌బోర్డులో ఎంతసేపు వాడారన్న అంకె చూసి మురిసిపోకండి. ఏ ప్రశ్నకు ఎక్కువమంది ఒకే తప్పు జవాబు ఎంచుకున్నారో అది చూడండి. అందరూ ఒకే తప్పు చేశారంటే అక్కడ మనం చెప్పడంలో ఏదో జారిపోయింది.

ట్యాబ్‌ల ఛార్జింగుకి ఒక్కోదానికి 15 వాట్ల లెక్కన 40కి 600 వాట్లు. ఒకే చవక ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద అన్నీ పెడితే బోర్డు కరిగిపోతుంది. వేరు వేరు సాకెట్ల నుంచి పదేసి పిన్నులున్న నాలుగు మంచి బోర్డులు తీసుకోండి. మూసిన బీరువాలో ఛార్జింగు పెట్టకూడదు, వేడికి బ్యాటరీలు ఉబ్బుతాయి. వేసవి సెలవులకు ముందు సగం ఛార్జింగుతో, ఆఫ్ చేసి, నీడలో పెట్టండి. సున్నా ఛార్జింగుతో రెండు నెలలు వదిలేసినవి జూన్‌లో చాలావరకు లేవవు.

ఇంటికి వీడియో హోంవర్కు ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అది రాత్రి ఏడు తర్వాతే ఇంటికి వస్తుంది. మూడు నిమిషాల 480పీ వీడియో 22 ఎంబీ దాకా ఉంటుంది. అదే మూడు నిమిషాల వాట్సాప్ వాయిస్ మెసేజి అర ఎంబీ లోపే. మీ గొంతుతో "పుస్తకంలో రెండో పటం తెరవండి" అని మొదలుపెట్టి పంపితే, పుస్తకం ఎదుట పెట్టుకుని వినగలరు. కరోనా కాలంలో కేంద్రం 2020 జులైలో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు కూడా ఆన్‌లైన్ తరగతులను ఒకటి నుంచి ఎనిమిది వరకు రోజుకి రెండు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు సెషన్లకు మించవద్దన్నాయి, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. బడికి వచ్చి ఆరేడు గంటలు కూర్చున్న పిల్లవాడికి ఇంటి దగ్గర ఇంకా తక్కువ చాలు.

చాట్‌జీపీటీ, జెమిని లాంటి వాటితో ప్రశ్నలు చేయించుకుంటున్నారంటే అభ్యంతరం లేదు, కానీ తెలుగులో పారిభాషిక పదాలు తప్పక సరిచూడండి. మన పుస్తకాల్లో వడి వేరు, వేగం వేరు. చాట్‌జీపీటీ లాంటివి ఒక్కోసారి రెండింటినీ "వేగం" అనేస్తాయి. ద్రవ్యరాశికీ భారానికీ, పరావర్తనానికీ వక్రీభవనానికీ మధ్య కూడా జారుతుంటాయి. పరీక్షలో ఆ ఒక్క పదానికే మార్కు పోతుంది. పాఠం చివరి పదజాలాన్ని ముందు ఇచ్చి, "ఈ పదాలే వాడు" అని అడిగితే తప్పులు బాగా తగ్గుతాయి. లెక్కల జవాబులు మాత్రం మీరు స్వయంగా చేసి చూశాకే పిల్లలకి ఇవ్వండి.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. పాఠం మొదలుకాకముందు 10 ప్రశ్నలు, పాఠం అయిన మర్నాడు అదే రకం 10, మూడు వారాల తర్వాత చెప్పకుండా మళ్లీ 10. మర్నాడు పెరిగి మూడు వారాలకి మొదటికే వస్తే పిల్లలు గుర్తుపెట్టుకున్నారే తప్ప అర్థం చేసుకోలేదు. అప్పుడు ఆ పాఠంలో ప్యానెల్ సమయం తగ్గించి, ఓటు వేయించే ప్రశ్నలు రెండు నుంచి నాలుగుకి పెంచండి. రెండు సెక్షన్లు ఉంటే ఒకదాంట్లో వీడియోతో, ఒకదాంట్లో వీడియో లేకుండా ఒకే పాఠం చెప్పి మూడు వారాల తర్వాత వచ్చిన మార్కులను పోల్చండి. తేడా లేదంటే ఆ వీడియోని ఫోల్డర్‌లోంచి తీసేసి, ఆ 8 నిమిషాలు బల్ల మీది సెల్‌లకీ బల్బులకీ ఇవ్వండి.